సికిల్ బాబుకు బ్లడ్ కల్చర్ చేయించిన నా అనుభవం

మా మేనకోడలి కొడుకు బ్లడ్ కల్చర్ రిపోర్టు నిన్న సాయంత్రం చేతికొచ్చింది. రక్తాన్ని బాటిల్లో ఉంచి, అందులో ఏ క్రిమి పెరుగుతుందో చూసే పరీక్ష అది. మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ. బాబుకు నాలుగేళ్లు, సికిల్ సెల్ ఉంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుక జబ్బు అది. వీడిది ఎస్ఎస్, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు వచ్చిన రకం. జ్వరం 102 దాటగానే గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాం. ఓపీ చీటీ, అడ్మిషన్, మలేరియా కిట్టు పరీక్ష గంటలో అయిపోయాయి. మలేరియా లేదు.

సికిల్ పిల్లలకు జ్వరమొస్తే "వైరల్, రెండ్రోజులు చూద్దాం" అంటే నేనొప్పుకోను. వాళ్ల ప్లీహం చిన్నప్పుడే పని మానేస్తుంది. న్యుమోకాకస్ లాంటి క్రిములను రక్తంలోంచి వడకట్టేది అదే. అది లేనప్పుడు గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. సాల్మొనెల్లా అనే క్రిమి అయితే పేగుల్లోంచి రక్తంలోకి, అక్కణ్నుంచి ఎముకల్లోకి పోతుంది. అందుకే ముందు కల్చర్‌కు రక్తం తీయాలి, వెంటనే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వాలి. నరం దొరకలేదని మాత్రం ఇంజెక్షన్ ఆపకూడదు.

గొడవంతా ఆ రక్తం తీసే దగ్గరే. డ్యూటీ అబ్బాయి స్పిరిట్ దూది ఒకసారి రాసి, తడి ఆరకముందే నరం కోసం మళ్లీ వేలితో తడిమాడు. చేసిన శుభ్రమంతా అక్కడే పోయింది. అర మిల్లీలీటరు రాగానే చాలన్నాడు. బాటిల్ ప్లాస్టిక్ మూత కింద ఉండే రబ్బరు స్టెరైల్ కాదు, దాన్నీ తుడవలేదు. "బాబూ, ఆ రబ్బరు తుడువు, ఇంకొంచెం తియ్యి" అన్నాను. "ఊర్ల నుంచి వచ్చి మాకు నేర్పుతరా? బయట కూసోండమ్మా" అన్నాడు, వార్డంతా వినేటట్టు. ఇరవై రెండేళ్లు ఇదే పని చేసిన చేతులు నావి. మొహం మండిపోయింది గానీ బయటికి పోలేదు. పిల్లల డాక్టరమ్మ వచ్చేదాకా అక్కడే నిలబడి, ఇంజెక్షన్ పడకముందే రెండో చేతి నుంచి ఇంకో బాటిల్ తీయించమని అడిగాను. ఆమె సరేనన్నది.

ఈసారి పెద్ద సిస్టర్ వచ్చింది. క్లోర్‌హెక్సిడిన్ కలిసిన స్పిరిట్‌తో 30 సెకన్లు రుద్ది, ఇంకో 30 సెకన్లు ఆరనిచ్చింది. బెటాడిన్ అయితే రెండు నిమిషాలు ఆరాలి. నరాన్ని మళ్లీ ముట్టలేదు. సెలైన్ ఎక్కించే పాత క్యాన్యులా గొట్టంలోంచి కాకుండా కొత్తగా గుచ్చి 3 మిల్లీలీటర్లు తీసింది. రబ్బరును వేరే స్వాబ్‌తో తుడిచి, పిల్లల బాటిల్లో వేసి, లేబుల్ మీద టైము, ఏ చెయ్యో రాసింది. పిల్లల రక్తంలో ఒక్కోసారి మిల్లీలీటరుకు ఒకటో రెండో క్రిములే ఉంటాయి. తక్కువ తీస్తే అసలు క్రిమి బాటిల్లోకే రాదు. బాటిల్‌ను ఫ్రిజ్‌లో, ఐస్ డబ్బాలో పెట్టకూడదు. నేనే చేతిలో పట్టుకుని ల్యాబులో ఇచ్చొచ్చాను.

సిస్టర్ తీసిన బాటిల్ 14 గంటల్లోనే మెషిన్లో పాజిటివ్ చూపించింది. చివరికి తేలింది సాల్మొనెల్లా, టైఫాయిడ్ రకం కాదు, సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగేదే. అర మిల్లీలీటరు బాటిల్లో రెండో రోజు చివర్న చర్మం మీదుండే స్టెఫిలోకాకస్ క్రిమి ఒక్కటే పెరిగింది, అంటే శుభ్రం సరిగా చేయక చర్మం నుంచి బాటిల్లోకి వచ్చింది. ఆ బాటిల్ ఒక్కటే ఉండి ఉంటే దానికోసం పిల్లాడికి అక్కర్లేని వ్యాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించేవాళ్లు. మీ పిల్లలకు కల్చర్ రాస్తే రెండు చోట్ల నుంచి తీయమని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అప్పుడే పుట్టిన పిల్లల లెక్క వేరు. ఆసుపత్రుల్లో వాళ్లను పట్టేది ఎక్కువగా క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ అనే క్రిములు. మా గడ్చిరోలి పల్లెల్లోనే అభయ్ బంగ్, రాణి బంగ్ అనే డాక్టర్ దంపతులు ఊరి ఆడవాళ్లకు నేర్పి, ఇంటి దగ్గరే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇప్పించారు. నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. పెద్దగా చదువుకోని ఆ ఆడవాళ్లు చేతులు కడిగి, పద్ధతిగా చేసిన పని అది.

బాబుకు జ్వరం దిగింది. ఎడమ మోకాలి కింద ముట్టుకుంటే మాత్రం ఏడుస్తున్నాడు. ఎముకలో చీము మొదలైతే మొదటి పది రోజులు ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు. అందుకే ఎమ్మారై అడిగాను, రేపు పొద్దున తీస్తామన్నారు.