రిక్‌వుడ్‌లో ఒక షోకేసు

షోకేసు అనగానే మా విజయవాడ ఇంటి హాలులో కొండపల్లి బొమ్మలు సర్దిన అద్దాల బీరువాయే నాకు గుర్తుకు వస్తుంది. అందువల్ల, “నాన్నా, శనివారం బర్మింగ్‌హామ్‌లో పిల్లల బేస్‌బాల్ షోకేసు ఉంది, వెళ్దామా?” అని మా అబ్బాయి అడిగినప్పుడు, అదేదో వస్తు ప్రదర్శన అనుకొని తలూపాను. అట్లాంటా నుంచి ఐ-20 రహదారి మీద రెండున్నర గంటల దారి. అలబామా సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి జరిగింది గాని, గేటు దగ్గర టికెట్టు, కారు పార్కింగు, ఆపైన నాలుగు డాలర్ల నీళ్ల సీసా కలిసి ఆ లాభాన్ని అక్కడికక్కడే మింగేశాయి.

మేము వెళ్లిన చోటు రిక్‌వుడ్ ఫీల్డ్. 1910లో తెరిచిన ఈ మైదానం, అమెరికాలో నేటికీ నిలిచి ఉన్న వృత్తి బేస్‌బాల్ మైదానాలలో అన్నిటికన్నా పాతది. నల్లజాతి ఆటగాళ్లకు పెద్ద లీగుల తలుపులు మూసి ఉన్న కాలంలో ‘బ్లాక్ బేరన్స్’ జట్టు ఇక్కడే ఆడేది. తరువాత బేస్‌బాల్ దిగ్గజమైన విల్లీ మేస్ 1948లో, పదిహేడేళ్ల వయసులో, ఈ గడ్డి మీదనే పరుగెత్తాడు. ఆ జట్టు జ్ఞాపకార్థమే నేటి పోటీ. పిల్లలు పాతకాలపు జెర్సీలు వేసుకొని వచ్చారు.

మా పక్కన ఎనభై దాటిన నల్లజాతి పెద్దాయన ఒకరు కూర్చున్నారు. క్రికెట్‌తో పోల్చి నేను అడిగిన తెలివితక్కువ ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెప్పి, చివరకు కుడివైపు దూరంగా చేయి చూపించారు. తెల్లవారి జట్టు ఆడే రోజున ఆయనా, వాళ్ల నాన్నగారూ అక్కడ, పైకప్పు లేని మెట్ల మీద ఎండలో కూర్చోవలసి వచ్చేదట. బ్లాక్ బేరన్స్ ఆడే రోజున మాత్రం ఈ నీడ తమదై, ఆ ఎండ మెట్లు తెల్లవారివయ్యేవట. నల్లవారూ తెల్లవారూ కలిసి బేస్‌బాల్ ఆడరాదని 1950లో ఈ నగరం చట్టమే చేసింది. చదరంగపు గళ్ల మీద ఆడే చెకర్స్‌ను కూడా ఆ చట్టం వదలలేదని చెబుతూ ఆయన నవ్వారు గాని, నాకు నవ్వు రాలేదు.

మైదానంలో వరసగా పిల్లలు బంతి విసురుతున్నారు. వల వెనుక స్కౌట్లు, అంటే జట్లకు కొత్త ఆటగాళ్లను వెతికిపెట్టేవాళ్లు, వేగం కొలిచే రాడార్ గన్‌లు ఎక్కుపెట్టి, ప్రతి అంకెనూ పుస్తకంలో రాసుకుంటున్నారు. గంటకు 88 మైళ్ల అంకె కనబడినప్పుడు నలుగురు ఒకేసారి తలలెత్తారు. అప్పుడు నాకు షోకేసు అన్న మాట అర్థమై, మనసు చివుక్కుమంది. అద్దం వెనుక నిలబెట్టినది బొమ్మలను కాదు, పదహారేళ్ల పిల్లలను. మా వాడు మాత్రం, ప్రైవేటు షోకేసులకైతే తల్లిదండ్రులు వందల డాలర్లు కట్టాలని, ఆ స్తోమత లేని పిల్లలకు ఇటువంటివే దిక్కని వాదించాడు. అదీ నిజమే.

తరువాత సన్నగా, పొట్టిగా ఉన్న కుర్రవాడు బంతి అందుకున్నాడు. మొదటి రెండు బంతులకే గన్‌లు ఒడిలోకి దిగాయి, ఒక స్కౌటు ఫోను తీశాడు. మూడో బంతి వంపు తిరిగి బ్యాట్‌కు అందకుండా పోయింది. పెద్దాయన కర్ర ఊతంగా లేచి నిలబడి, వాడు వెనుదిరిగి చూసేదాకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.