ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడ్వాన్స్‌డ్ ఇనార్గానిక్ దాటాను

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అంటే అందరూ ఆర్గానిక్‌కు భయపడతారు. మా బ్యాచ్‌కు మాత్రం నిద్ర పట్టనీయనిది ఇనార్గానిక్. నాది మర్రిగూడ వైపు పల్లె. నల్లగొండలో తెలుగు మీడియం బీఎస్సీ చేసి, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి, అన్నెపర్తిలో ఉన్న మహాత్మాగాంధీ యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్నాను. లోహ అయాన్ చుట్టూ చేరినవి దాని ఎలక్ట్రాన్లను ఏం చేస్తాయో చెప్పేది క్రిస్టల్ ఫీల్డ్ థియరీ. డిగ్రీలో అది ఒక ఎస్సే ప్రశ్న, అంతే. పీజీలో అదే ఒక యూనిట్. దానికి తోడు ఎలక్ట్రాన్ల స్థితులకు పెట్టే గుర్తులు టర్మ్ సింబల్స్, ఆ స్థితుల శక్తులను గీసి చూపే టనబె-సుగానో డయాగ్రామ్‌లు, అణువుల సౌష్ఠవాన్ని లెక్కగట్టే గ్రూప్ థియరీ, లోహానికి కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అంటుకున్న మెటల్ కార్బొనిల్స్. ఏది ఎందుకు చదువుతున్నామో, దేనికి దేనితో సంబంధమో అర్థమయ్యేది కాదు.

దారి దొరికింది హార్డ్-సాఫ్ట్ యాసిడ్ బేస్ పాఠంలో. 1963లో పియర్సన్ చెప్పిన సూత్రం అది. ఇక్కడ ఎలక్ట్రాన్ జంటను తీసుకునేది యాసిడ్, ఇచ్చేది బేస్. చిన్నగా, గట్టిగా, ఎలక్ట్రాన్ మేఘం సులువుగా సాగనివ్వని అయాన్లు హార్డ్. పెద్దగా, మెత్తగా ఉండేవి సాఫ్ట్. హార్డ్ హార్డ్‌తో, సాఫ్ట్ సాఫ్ట్‌తో జత కడతాయి. సార్ బోర్డు మీద హార్డ్ బేస్‌ల వరుసలో మొదట ఫ్లోరైడ్ రాశారు.

మా ఊళ్లో ఆ పేరు తెలియని ముసలమ్మ లేదు. మా నాయనమ్మ నడుము వంగిపోయింది బోరు నీళ్లలోని ఆ ఫ్లోరైడ్ వల్లే. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి కానీ ఆమె తరానికి జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయింది. కాల్షియం కూడా హార్డే. పైగా ఫ్లోరైడ్, హైడ్రాక్సైడ్ రెండింటి చార్జ్ ఒకటే, సైజు కూడా దాదాపు ఒకటే. అందుకే ఎముకలోని అపటైట్ అనే ఖనిజంలో హైడ్రాక్సైడ్ ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ చేరిపోతుంది. ఇంట్లో కళ్లముందు చూసిన బాధకు కారణం సిలబస్‌లో దొరికిన రోజు అది.

నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేందుకు మా జిల్లా పేరు మీదే ఉన్న నల్లగొండ టెక్నిక్ వెనుక ఉన్నదీ ఇదే లెక్క. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో దీన్ని రూపొందించింది. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి కలుపుతారు. పటికలోని అల్యూమినియం మూడు ప్లస్ చార్జ్ ఉన్న హార్డ్ యాసిడ్. అది హైడ్రాక్సైడ్ తెట్టెలుగా మారుతూ ఫ్లోరైడ్‌ను తనతో పాటు అడుక్కి లాక్కుపోతుంది. పైన తేరిన నీళ్లు వంచుకుంటారు.

ఆ తర్వాత ఏ చాప్టర్ తెరిచినా మొదట ఒకటే అడుగుతూ వచ్చాను: ఇక్కడ ఫ్లోరైడ్ ఏం చేస్తుంది? లోహానికి అంటుకునేదాన్ని లిగాండ్ అంటారు. క్రిస్టల్ ఫీల్డ్‌లో ఫ్లోరైడ్ వీక్ ఫీల్డ్ లిగాండ్, అంటే లోహపు ఎలక్ట్రాన్లను బలవంతంగా జత కట్టించలేదు. కోబాల్ట్ త్రీ ప్లస్ చుట్టూ ఆరు ఫ్లోరైడ్‌లు పెడితే నాలుగు ఎలక్ట్రాన్లు ఒంటరిగా మిగులుతాయి, వాటి వల్ల వచ్చే అయస్కాంత బలం (స్పిన్ ఓన్లీ మాగ్నెటిక్ మూమెంట్) 4.90 బోర్ మాగ్నెటాన్లు. వాటిని తీసి ఆరు అమ్మోనియాలు పెడితే అదే కోబాల్ట్‌లో ఒంటరి ఎలక్ట్రాన్ ఒక్కటీ ఉండదు. ఇలా ఆరు డీ ఎలక్ట్రాన్లున్న అయాన్లకు గీసే డీ6 టనబె-సుగానో డయాగ్రామ్ మధ్యలో నిలువు గీత ఎందుకుందో అప్పుడు తెలిసింది. గీతకు ఎడమవైపు ఫ్లోరైడ్ కాంప్లెక్స్, కుడివైపు అమ్మోనియా కాంప్లెక్స్. ఈ రెండూ గుర్తుంటే మిగతా డయాగ్రామ్ చదవడం వచ్చేసినట్టే.

గ్రూప్ థియరీకి చేతులు కావాలి, కళ్లు చాలవు. హాస్టల్ గదిలో బంకమట్టి ఉండలు, చీపురు పుల్లలతో ఫ్లోరైడ్లే చేసుకున్నాను. ఒక్కోదాని సౌష్ఠవానికి ఒక్కో పేరు: బోరాన్ ట్రైఫ్లోరైడ్ డీ3హెచ్, జీనాన్ టెట్రాఫ్లోరైడ్ డీ4హెచ్, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఓహెచ్. వాటిని చేతిలో పట్టుకుని తిప్పుతూ ఆపరేషన్లు, అంటే తిప్పినా, అద్దంలోలా తిరగేసినా అణువు మునుపటిలాగే కనిపించే మార్గాలు, లెక్కపెట్టాను. డీ3హెచ్‌కు 12, డీ4హెచ్‌కు 16, ఓహెచ్‌కు 48. ఈ 48 చేత్తో తిప్పి తేల్చాక ఆ ఆపరేషన్లను పట్టికగా పేర్చే క్యారెక్టర్ టేబుల్ అంటే బెరుకు పోయింది. అసలు దీనితో పనేమిటన్న ప్రశ్నకు కార్బొనిల్స్‌లో జవాబు దొరుకుతుంది. ఒక లోహం మీద నాలుగు సీఓలు, మరో రెండు ఒకే రకం లిగాండ్లు ఉన్నాయనుకోండి. ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రంలో (ఐఆర్) సీఓ బంధం సాగే కంపనం ఒక్క పీక్ ఇస్తే ఆ రెండు లిగాండ్లూ ఎదురెదురుగా ఉన్నట్టు (ట్రాన్స్), నాలుగు ఇస్తే పక్కపక్కన ఉన్నట్టు (సిస్). కంటికి కనిపించని అణువు ఆకారం కాగితం మీది లెక్కతో తేలిపోతుంది! నాకు ఇప్పటికీ ఇది అద్భుతమే.

ప్రాజెక్టుకు బోరు నీళ్లనే తీసుకున్నాను. స్పాడ్న్స్ అనే రంగుతో జిర్కోనియం కలిస్తే ఎర్రటి కాంప్లెక్స్ వస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు పోస్తే అది జిర్కోనియంను రంగు దగ్గర్నుంచి లాగేసుకుంటుంది, ఎరుపు తగ్గుతుంది. ఎంత తగ్గిందో 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. మన ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతి. ఊరి నుంచి తెచ్చిన శాంపిల్ పక్కన డిస్టిల్డ్ వాటర్ బ్లాంక్ పెట్టి చూస్తే, మిషన్‌లో పెట్టకముందే రెండు ఎరుపులకూ తేడా కనిపించింది.

పటికతో శుద్ధి చేసిన నీళ్లకు ఫ్లోరైడ్ రీడింగ్ బాగా తగ్గింది. సంతోషంగా గైడ్ సార్‌కు చూపించాను. "ఫ్లోరైడ్ నిజంగా పోయిందా, నీళ్లలో మిగిలిన అల్యూమినియంను పట్టుకుని కూర్చుందా? చూసి చెప్పమ్మా" అన్నారు. అల్యూమినియంతో బిగిసి ఉన్న ఫ్లోరైడ్ జిర్కోనియం జోలికి పోదు, కాబట్టి ఈ పద్ధతిలో తక్కువగా కనిపిస్తుంది. అదే శాంపిల్‌కు టిసాబ్ బఫర్ కలిపి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచాను. టిసాబ్‌లోని సీడీటీఏ అనే పదార్థం అల్యూమినియంను గట్టిగా చుట్టేసి ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. ఈసారి రీడింగ్ పెరిగింది. మొదటి నీళ్లకన్నా తక్కువే, కానీ స్పాడ్న్స్ చూపించినంత తక్కువ కాదు. రెండు అంకెలూ పక్కపక్కన రాసి, తేడా ఎందుకొచ్చిందో కింద వివరించాను. వైవాలో దాదాపు ప్రశ్నలన్నీ ఆ పేజీ మీదే వచ్చాయి, చీలేట్ ఎఫెక్ట్ (ఒకే అణువు లోహాన్ని పలుచోట్ల పట్టుకుంటే పట్టు గట్టిపడటం) దగ్గర మొదలై, ఆ పట్టు ఎంత గట్టిదో చెప్పే స్టెబిలిటీ కాన్‌స్టెంట్ల దాకా.

ఇనార్గానిక్ పేపర్ ఫస్ట్ క్లాస్ మార్కులతో పాసయ్యాను. ఇప్పుడు లెక్చరర్ అర్హత పరీక్ష నెట్‌కు చదువుతున్నాను. గ్రూప్ థియరీ మొదలవుతున్న జూనియర్ చెల్లెళ్లు, తమ్ముళ్లు ఎవరైనా అడిగితే ముందు ఆ సిస్-ట్రాన్స్ కార్బొనిల్ లెక్క చేయమంటున్నాను, నిర్వచనాలు ఆ తర్వాత.