విరిగిన కమాన్ పట్టీ టేబుల్ మీద పెట్టుకుని ఫెటీగ్ చదివాను

ఫ్రెండ్స్, గేట్ మెకానికల్‌కి ప్రిపేర్ అవుతున్న చాలామంది మెషిన్ డిజైన్‌లో ఫెటీగ్ (పదేపదే పడే బలానికి లోహం మెల్లగా పగిలి విరగడం) దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నారు. మొదటిసారి నాకూ అదే జరిగింది. ఫెటీగ్ లెక్కలకి వాడే గుడ్‌మన్, సోడర్‌బర్గ్ సూత్రాలు రెండూ బట్టీ పట్టి వెళ్లాను. హాల్లో టెన్షన్ పడి, గుడ్‌మన్ అడిగిన ప్రశ్నకి అల్టిమేట్ స్ట్రెంత్ (తెగే ముందు ఓర్చే గరిష్ఠ ఒత్తిడి) బదులు ఈల్డ్ స్ట్రెంత్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) వేశాను. ఆ రెండు మార్కులూ రాలేదు, పైగా 2/3 మార్కు మైనస్. ఆ ఏడాది కటాఫ్ దాటలేదు. మరుసటి ఏడాది దాటాను. ఈ మధ్యలో నేను చదివిన పద్ధతి ఎలా మారిందో చెబుతాను.

ఒంగోలులో కర్నూలు రోడ్డు పక్కన మా నాయనది లారీల షెడ్డు. చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మెలు మోసే బండ్లే ఎక్కువగా వస్తాయి. కమాన్ పట్టీ (లీఫ్ స్ప్రింగ్) విరగని వారం ఉండదు. రిజల్ట్ వచ్చాక నేను దిగులుగా షెడ్డులో కూర్చుని ఉంటే, మా నాయన ఒక విరిగిన పట్టీ ముక్క తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇది నిన్న విరిగింది కాదు అబ్బయా. ఎప్పుడో మొదలైంది, నిన్నటికి తెగింది" అన్నాడు.

ఆ విరుపుని వెలుతురులో పెట్టి చూశాను. సెంటర్ బోల్టు రంధ్రం అంచున కాస్త నల్లబడిన నున్నటి భాగం. దాని మీద ఒకదాని వెనక ఒకటిగా వంపు గీతలు. మిగతాదంతా విరిచిన బెల్లం అచ్చులా గరుగ్గా, మెరుస్తూ ఉంది. కొత్తపట్నం బీచ్‌లో అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతలు చూశారు కదా, అచ్చం అలాగే. పుస్తకాల్లో వాటి పేరు కూడా బీచ్ మార్క్సే! పగులు ఆ రంధ్రం దగ్గర పుట్టి, రోజూ కొంచెం కొంచెం పాకింది. మిగిలిన లోహం బరువు మోయలేని రోజున ఒక్కసారిగా తెగింది. స్ట్రెస్ కాన్సంట్రేషన్, అంటే రంధ్రం లాంటి చోట స్ట్రెస్ (లోహం లోపలి ఒత్తిడి) పోగుపడటం అన్న మాట నాకు నిజంగా అర్థమైంది అప్పుడే.

ఆ ముక్క ఇంటికి తెచ్చి టేబుల్ మీద పెట్టుకున్నాను. కార్ల కంపెనీలు పార్టులని ఎందుకు అన్ని రకాలుగా హింసపెడతాయో దాన్ని చూస్తూ చదివితే ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయి దగ్గర రైలింజను ఇరుసు విరిగి యాభైమందికి పైగా చనిపోయారు. తర్వాత జర్మనీలో వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఇరుసుల్ని వంచుతూ తిప్పి, ఏ స్ట్రెస్‌కి ఎన్ని తిరుగుళ్లకి విరుగుతున్నాయో లెక్క కట్టాడు. మనం గీసే ఎస్-ఎన్ కర్వ్‌కి మూలం ఆ పనే. ఈనాటికీ కారు చక్రాన్ని అలాగే పరీక్షిస్తారు. రిమ్‌ని మిషన్‌కి బిగించి, మలుపులో పడే వంపు బలం ఇస్తూ లక్షల సైకిళ్లు (ఒక తిరుగుడు అంటే ఒక సైకిల్) నడిపి పగులు వచ్చిందేమో చూస్తారు.

పది లక్షల సైకిళ్లంటే ఎంతో అనిపిస్తుంది. ఒకసారి లెక్క వేయండి. లారీ టైరు వ్యాసం సుమారు ఒక మీటరు అనుకుంటే, ఒక్క తిరుగుడుకి 3.14 మీటర్లు. పది లక్షల తిరుగుళ్లకి 3,140 కిలోమీటర్లు. ఒంగోలు నుంచి హైదరాబాద్‌కి ఐదుసార్లు పోయొస్తే దాదాపు అయిపోయినట్టే.

అందుకే కంపెనీలు ముందు టెస్ట్ ట్రాక్ మీద గతుకుల్లో బండి నడిపి, పార్టులకి అతికించిన స్ట్రెయిన్ గేజ్‌లతో (లోహం ఎంత సాగిందో కొలిచే పట్టీలు) ఎంత బలం పడుతోందో రికార్డు చేస్తాయి. తర్వాత ల్యాబ్‌లో నాలుగు చక్రాల కింద నాలుగు హైడ్రాలిక్ స్తంభాలు పెట్టి, అదే కుదుపుని రాత్రింబవళ్లు ఇస్తాయి. చిన్న కుదుపుల వల్ల నష్టం చాలా తక్కువ కాబట్టి వాటిని తీసేసి, ఏళ్ల ప్రయాణాన్ని వారాలకి కుదిస్తారు. ఎస్-ఎన్ కర్వ్ ఘాతం 5 అనుకుంటే, స్ట్రెస్ రెట్టింపైతే ఆయుష్షు 32వ వంతుకి పడిపోతుంది. టెస్టు తొందరగా ముగియడానికీ, ఓవర్‌లోడ్ గ్రానైట్ బండి మాటిమాటికీ మా షెడ్డుకి రావడానికీ కారణం ఇదొక్కటే. ఒక్కో స్ట్రెస్ దగ్గర ఖర్చయిన ఆయుష్షు వంతుల్ని కూడి, మొత్తం 1 అయితే పార్టు విరుగుతుందనే మైనర్ (Miner) రూల్ కూడా ఇక్కడే పట్టుబడుతుంది. లక్ష సైకిళ్లు ఓర్చే స్ట్రెస్ దగ్గర 40,000 వాడేస్తే 0.4 ఖర్చయింది. మిగిలిన 0.6 ఇంకో స్ట్రెస్ దగ్గర వాడుకోవాలి.

వీటిలో కంపెనీల టెస్టులు గేట్ సిలబస్‌లో ఉండవు. సాల్ట్ స్ప్రే టెస్ట్ కూడా లేదు. అందులో 5 శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల దగ్గర పొగమంచులా చల్లి, పెయింటు, పూత ఎంతకాలం ఆగుతాయో చూస్తారు. సముద్రం పక్కన బండి పెట్టుకునే మన ఊళ్లవాళ్లకి దాని అవసరం వేరే చెప్పాలా? సిలబస్‌లో లేకపోయినా చదవండి, ఎంటెక్ ఇంటర్వ్యూలో నాకు పనికొచ్చింది.

పగుళ్లు ఎలా కనిపెడతారని అక్కడ అడిగారు. డై పెనెట్రెంట్ (పగులులోకి ఇంకే రంగు ద్రవంతో చేసే పరీక్ష) అని చెప్పి, మా షెడ్డు సంగతి కూడా చెప్పాను. మా నాయన అనుమానం ఉన్న పార్టు మీద కిరసనాయిలు పూసి, కాసేపు ఆగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లుతాడు. పగులులో దాక్కున్న కిరసనాయిలు పైకి వచ్చి సుద్దలో సన్నటి తడి గీత తేలుతుంది. రెండు పద్ధతులకీ సూత్రం ఒకటే, కేపిలరీ యాక్షన్, అంటే సన్నటి సందులోకి ద్రవం తనంతట తానే పాకడం.

ఒక ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు. కమాన్ పట్టీలకి షాట్ పీనింగ్ ఎందుకు చేస్తారని అడిగారు. మీరు ముందే చదివి పెట్టుకోండి. బరువు పడినప్పుడు సాగే వైపు ఉపరితలాన్ని చిన్న ఉక్కు గుండ్లతో వేగంగా కొడతారు. ఆ పొరలో కంప్రెసివ్ స్ట్రెస్ (నొక్కే ఒత్తిడి) నిలిచిపోతుంది. లోడ్ పడినప్పుడు ముందు దాన్ని దాటితే గానీ అక్కడ పగులు నోరు తెరవలేదు.