గండికోటలో పైన కోట, కింద పెన్న

కడప నుంచి ఎర్రగుంట్ల మీదుగా పోతే దారిలో నాపరాయి పాలిష్ యూనిట్లు వరసగా కనబడతాయి. జమ్మలమడుగులో బస్సు దిగి, ఉగ్గాని బజ్జీ తిని, బావా నేనూ ఆటో మాట్లాడుకున్నాం. అక్కడి నుంచి కోట దాదాపు 15 కిలోమీటర్లు.

చాలామంది మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం చుట్టేసి, లోయ అంచున ఫొటో దిగి తిరుగుబండి ఎక్కేస్తారు. కోట విజయనగర రాజుల సామంతులైన పెమ్మసాని నాయకులది. తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి పోయింది. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ అతణ్ణి ఇక్కడే కలిశాడు. ఆ కాలంలో ఇంత దూరం ఎలా వచ్చాడో ఏమో!

మసీదు దాటి కాస్త నడిస్తే ఉన్నట్టుండి నేల తెగిపోతుంది. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన చోటది. ఎర్రటి బండలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటాయి. కొన్నింటి మధ్య పిల్లాడి కాలు ఇరుక్కునేంత సందులు. మేం నిలబడ్డ చోట కంచె లేదు. "అన్నా, గాలి బాగా తోలుతోంది, అంచుకు పోవద్దు" అన్నాడు ఆటో అతను. ఇనప కంచె వేస్తే చూపు చెడుతుందని బావ వాదన. నాకైతే కనీసం ఒక కాపలా మనిషైనా ఉండాలనిపించింది.

మరునాడు కయాకింగ్‌కు వెళ్లాం. లోయలో నిలిచిన నీళ్లు దిగువనున్న మైలవరం జలాశయానివి. లైఫ్ జాకెట్ బిగించి తెడ్డు చేతికిచ్చారు. నేను కుడిపక్కే బలంగా వేస్తుంటే పడవ ఎడమకు తిరిగి బండల వైపు పోయింది. "రెండు పక్కలా సమానంగా వెయ్ బావా!" అని వెనక నుంచి అరుపు. దగ్గరికి పోయాక రాతిమీద అడ్డంగా తెల్లచారలు కనిపించాయి, నీళ్లు ఎంత ఎత్తు దాకా నిలిచేవో చెబుతూ. తల పైకెత్తితే నిన్న గుండె దడదడలాడిన అంచు సన్నటి గీత. గండికోటకు పోయి నీళ్లలోకి దిగకపోతే సగమే చూసినట్టు.

రాత్రి టెంట్‌లో గాలికి నిద్ర పట్టలేదు. టూరిజం వాళ్ల హరిత హోటల్లో గది తీసుకోవడమే మేలు, శని, ఆదివారాలైతే ముందే బుక్ చేసుకోవాలి. నవంబరు నుంచి జనవరి దాకా పోవచ్చు. ఎండాకాలం మాత్రం వద్దు, పొద్దెక్కేసరికి బండలు కాలిపోతుంటాయి.