మా బామ్మర్ది చేత గంజాయి మాన్పించిన వైనం

మా బామ్మర్ది ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కళ్లెర్రబడితే రాత్రంతా ఫోన్ చూస్తున్నాడనుకున్నాం. చిక్కిపోతే హాస్టల్ తిండి అనుకున్నాం. శని, ఆదివారాల్లో ఇంటికొచ్చినప్పుడు బాత్రూంలో అగరొత్తులు వెలిగించడం మొదలుపెట్టాక మా ఆవిడకు అనుమానం వచ్చింది. దేవుడి గదిలోకి తొంగిచూడని కుర్రాడికి బాత్రూంలో అగరొత్తులతో ఏం పని? వాడి బ్యాగ్ వెతికితే చుట్టే పేపర్లు, పొట్లం దొరికాయి. అప్పటికే అత్తయ్య చెవిదిద్దులు ఒక జత కనిపించకుండా పోయి, పనిమనిషిని మాన్పించేశారు. ఆవిడకు ఇప్పటికీ ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

మత్తు వల్ల సమాజానికి నష్టం అని వక్తలు చెబుతుంటారు కదా, నేను ముందుగా చూసింది ఆ పనిమనిషినే.

మామయ్యకు కారణం ఒక్కటే కనిపించింది: ‘చెడు స్నేహాలు’. అంత తేలిగ్గా తేలిపోయే సంగతి కాదది. వాడు తర్వాత నాతో చెప్పిన ప్రకారం మొదలైంది పరీక్షలప్పుడు, నిద్ర పట్టక. సబ్జెక్టులు మిగిలిపోయాయి, ఆ మాట ఇంట్లో చెప్పే ధైర్యం లేదు, చెప్పకపోతే టెన్షన్, టెన్షన్‌కి దమ్ము. సరుకు దొరకడం కష్టమా అంటే, బెజవాడ మీదుగా పోని దారేది? అల్లూరి జిల్లా ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి దిగే సరుకు హైదరాబాద్ వైపు వెళ్లాలన్నా, చెన్నై వైపు వెళ్లాలన్నా మన ఊరి మీదుగా రైలో, హైవేనో పట్టుకుంటుంది. ఆటోనగర్‌లో లారీల విడిభాగాలు అమ్ముకునే నాకు ఆ దారులు కొత్తేం కాదు.

చికిత్సకు తీసుకెళ్దామంటే మామయ్య ససేమిరా అన్నారు. ‘ఆసుపత్రిలో పేరు రాసుకుంటారు, పోలీసులకు చెబుతారు, కేసవుతుంది. రెండో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం’ అని ఆయన భయం. మా దుకాణానికి వచ్చే ఒక లాయర్‌గారిని అడిగాను. 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం ప్రకారం గంజాయి తాగినా నేరమే. ఆరు నెలల వరకు జైలు, పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే అదే చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. తాగినందుకో, చిన్న మొత్తం దగ్గరున్నందుకో కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. మా వాడి మీద అసలు కేసే లేదు. పైగా 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. ఇదంతా లాయర్‌గారి చేతే ఫోన్‌లో చెప్పించాక మామయ్య మెత్తబడ్డారు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి, 2019లో బయటపెట్టిన సర్వేలో తేలిందేమిటంటే, చట్టవిరుద్ధమైన మత్తుకు బానిసలైన ఇరవై మందిలో ఒక్కరే ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరి చికిత్స పొందారు. మిగతా పంతొమ్మిది ఇళ్లలోనూ ఒక మామయ్య ఉండి ఉంటారు.

ముందు ఊరి బయట ఒక ప్రైవేటు కేంద్రం చూసొచ్చాను. గేటుకు లోపలా బయటా తాళాలు. మూడు నెలల డబ్బు ముందే కట్టాలట, అన్నాళ్లూ మనం చూడ్డానికి వెళ్లకూడదట. ‘రానంటే చెప్పండి సార్, రాత్రిపూట మనవాళ్లు నలుగురొచ్చి బండిలో ఎక్కించుకొస్తారు’ అన్నాడు మేనేజర్, గ్యాస్ సిలిండర్ తెప్పిస్తానన్నంత మామూలుగా. సైకియాట్రిస్ట్ ఎవరని అడిగితే ‘అవసరమైతే వస్తారు’ అన్నాడు. రిజిస్ట్రేషన్ కాగితం చూపించమంటే ఆడిట్‌కి వెళ్లిందన్నాడు. ఇంకేం మాట్లాడకుండా బండి తిప్పేశాను. ఇలాంటి చోటుకు వెళ్లేవాళ్లు ఈ రెండు ప్రశ్నలూ అడిగాకే మిగతా మాటలు మాట్లాడండి.

చివరికి గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లాం. బెజవాడలో అయితే ఎవరైనా చూస్తారని అత్తయ్య పట్టుదల. ఓపీ చీటీ రాయించుకుని సైకియాట్రీ విభాగం ముందు కూర్చున్నాం. డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పంపి వాడితో ఒక్కడితోనే మాట్లాడారు. లేచిన ఎంతసేపటికి తాగుతావు, పొగాకు కలుపుతావా, చెవిలో మాటలేమైనా వినిపిస్తున్నాయా, ఎవరో వెంటపడుతున్నట్టు అనిపిస్తోందా? ఇంకా ఏవైనా వేస్తావా అన్నప్పుడు నిద్రమాత్రల సంగతి బయటపడింది. అది మాకెవరికీ తెలియదు. గంజాయి ఒక్కసారిగా ఆపినా ప్రాణానికి ప్రమాదం ఉండదు కానీ, రోజూ వేసుకునే నిద్రమాత్రలు ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ రావచ్చట. మేం ఇంట్లోనే గదిలో పెట్టి మాన్పిద్దామనుకున్న రోజులు గుర్తొచ్చి చెమటలు పట్టాయి. అడ్మిట్ కమ్మన్నారు. ‘నువ్వే సంతకం పెట్టాలి’ అని కాగితం వాడి ముందుంచారు. వాడు నా వైపు చూశాడు. ‘అక్కకు చెప్పకు బావా, మాత్రల సంగతి’ అన్నాడు. సంతకం పెట్టాడు.

వార్డులో మొదటి వారమే కష్టం. నిద్ర ఉండదు, పట్టినా పీడకలలు. చొక్కా తడిసిపోయేంత చెమట. పప్పన్నం కలిపిపెడితే నోట్లో పెట్టుకుని ఉమ్మేసేవాడు, అత్తయ్య మీద అరిచేవాడు. గంజాయి మీద కోరికను పోగొట్టే మందంటూ ఏదీ లేదు. నిద్రకు, ఆందోళనకు మాత్రమే ఇస్తారు, నిద్రమాత్రలేమో మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. ఆ తర్వాత చేసిన మూత్ర పరీక్షలోనూ గంజాయి కనపడేసరికి, వార్డులోకి ఎవరో తెచ్చిచ్చారని అత్తయ్య ఏడుపు. రోజూ తాగేవాళ్లకు అది కొవ్వులో పేరుకుపోతుందనీ, మానేసిన కొన్ని వారాల దాకా పరీక్షలో కనపడుతుందనీ సిస్టర్ చెబితే గానీ ఊరుకోలేదు.

డిశ్చార్జ్ అయ్యాకే అసలు పని అని ఆసుపత్రి కౌన్సెలర్ ముందే చెప్పారు. ఫోన్ నంబరు మార్చాం. కాలవ గట్టు మీద సాయంత్రాలు కూర్చునే చోటికి వెళ్లకుండా దుకాణంలో పని అప్పగించాను, లెక్కలు బాగానే రాస్తున్నాడు. చేతికి డబ్బు ఇవ్వాలా వద్దా అన్నదాని మీద మా ఆవిడకూ నాకూ ఇంకా గొడవే. ఐదు వందల నోటు కనిపిస్తే చెయ్యి లాగుతుంది బావా అని వాడే అన్నాడు కాబట్టి నేను ఇవ్వొద్దంటాను. దొంగలా చూస్తే ఎప్పటికి బాగుపడతాడంటుంది ఆవిడ. ఒకసారి ఫ్రెండ్ పెళ్లికి వెళ్లి మళ్లీ తాగొచ్చాడు. తెల్లారేసరికి వాడే చెప్పాడు. డాక్టరమ్మ కోప్పడలేదు, పెళ్లిలో ఎవరి పక్కన కూర్చున్నావు, ఏ టైముకు అనిపించింది అని ఆరా తీసి రాసుకున్నారు.

ఎవరితో మాట్లాడాలో తోచనివాళ్లకు 14446 మత్తు మానడానికి దేశమంతటికీ ఉన్న హెల్ప్‌లైన్. మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416. అమ్మేవాళ్ల గురించి చెప్పాలంటే మన ఆంధ్రప్రదేశ్‌లో మత్తు సరుకును అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల 1972 ఉంది.

వచ్చే ఓపీకి నాకు వీలుపడదు, సరుకు దిగే రోజు. మామయ్య తీసుకెళ్తానన్నారు. ఓపీ పుస్తకం, ఆధార్, పాత రిపోర్టులు ఒక కవర్లో పెట్టిచ్చాను.