డొమైన్ ఎవరి పేరున ఉంది?

ఒక ఓటీపీ చెప్పడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది? మా ఆఫీసు వెబ్‌సైట్ చేసిపెట్టిన అబ్బాయిని పొద్దున అడిగితే "రేపు చూస్తా మేడం" అన్నాడు. సాయంత్రం మళ్లీ చేస్తే ఫోన్ ఎత్తలేదు. అత్తయ్యకి మాత్ర ఇచ్చి, చిన్నదాన్ని పడుకోబెట్టి వచ్చినా ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. రాసేస్తేనన్నా కాస్త నిద్ర పడుతుందేమో.

మా గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో మెయిల్ సర్వర్‌తో సహా అన్నీ క్లౌడ్‌కి, అంటే బయటి కంపెనీ ఇంటర్నెట్‌లో నడిపే సర్వర్లకి, మార్చాలని ఎప్పట్నుంచి మొత్తుకుంటున్నానో మీకు తెలిసిందే. మెట్ల కింద గదిలో నడుస్తున్నది ఎక్స్ఛేంజ్ 2016 అనే మెయిల్ సాఫ్ట్‌వేర్. మైక్రోసాఫ్ట్ దానికి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. సార్ మాత్రం "ఇంకో సర్వర్ కొనేద్దాం అమ్మా, మన సామాను మన కళ్లెదురుగా ఉండాలి" అంటారు. కొటేషన్ కూడా తెప్పించారు, సంతకం ఒక్కటే తక్కువ. ఒకసారి డబ్బు పెడితే మళ్లీ చూసుకోనక్కర్లేదని ఆయన లెక్క. కానీ 2025 జులైలో వచ్చిన కొత్త ఎక్స్ఛేంజ్‌కి కూడా లైసెన్సు కట్టుకుంటూ పోవాల్సిందే. మరి ఆ ఖర్చు కొటేషన్‌లో ఎక్కడుంది?

అసలు మంట అది కాదు. మెయిల్ ఎక్కడికి మార్చాలన్నా ముందు డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే మా పేరు) సెట్టింగుల్లో ఎంఎక్స్ రికార్డు మార్చాలి, మాకొచ్చే మెయిల్ ఏ సర్వర్‌కి చేరాలో చెప్పేది అదే. ఆ తాళం మా దగ్గర లేదు. ఎప్పుడో వెబ్‌సైట్ చేసినప్పుడు ఆ అబ్బాయి డొమైన్‌ని తన పేరున, తన సొంత మెయిల్‌తో రిజిస్టర్ చేసుకున్నాడు. ఏటా బిల్లు మాకే పంపుతాడు, మేం కడతాం. ఇల్లు కట్టుకున్నది మనం, దస్తావేజు మాత్రం మేస్త్రీ పేరున ఉంది! ఈ సంగతి చెబితే సార్ "మనవాడేలే" అన్నారు. మనవాడైతే ఫోన్ ఎత్తాలి కదా? రేపు అతను ఊరు మారినా, వ్యాపారం మూసేసినా, రెన్యువల్ మర్చిపోయినా మా పేరుని ఇంకెవరో కొనుక్కుంటారు. చీమకుర్తి గెలాక్సీ రాయి కోసం ఎక్కడెక్కడి నుంచో రాసే బయ్యర్లకి మేమంటే ఆ మెయిల్ అడ్రసే. మా మొహాలు వాళ్లెప్పుడూ చూడలేదు.

పైగా మేం పంపే కొటేషన్లు బయ్యర్ల స్పామ్‌లో పడుతున్నాయని ఎక్స్‌పోర్ట్ సెక్షన్ మేడం రోజూ నా మీద విసుక్కుంటున్నారు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, పంపేవాళ్లెవరికైనా ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలంటోంది. మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపించే రుజువులవి. మా డొమైన్‌కి రెండూ లేవు. ఆ రుజువు లేని మెయిల్‌ని ఏం చేయాలో అవతలివాళ్లకి చెప్పే డీమార్క్ సంగతి సరేసరి. అది లేకపోతే ఎవడైనా మా అడ్రస్ పెట్టుకుని "మా బ్యాంకు అకౌంట్ మారింది, డబ్బు ఇందులో వేయండి" అని బయ్యర్‌కి రాయొచ్చు. కంటైనర్ డబ్బు ఒకసారి అట్లా పోతే తిరిగొస్తుందా? ఇవన్నీ డీఎన్ఎస్‌లో, అంటే ఆ డొమైన్ సెట్టింగుల్లోనే, నాలుగు లైన్లు. అవి రాయాలంటే ఆ అబ్బాయి ఓటీపీ చెప్పాలి.

ఇంత కోపంలోనూ మిగ్‌జాం తుపాను గుర్తొచ్చింది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఒంగోలులో ఆ గాలి ఎట్లా వీచిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. కరెంటు లేదు. జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది. యూపీఎస్ కీచుకీచుమంటోంది. సార్ రెయిన్‌కోటుతోనే వచ్చి మెట్ల మీద కూర్చుని టార్చి పట్టుకున్నారు, నేను సర్వర్ పద్ధతిగా ఆపేశాను. గదిలోకి నీళ్లొస్తాయేమోనని ఇద్దరం కలిసి దాన్ని బల్ల మీదికి ఎత్తాం. మా కంటైనర్లేమో చెన్నై పోర్టు దగ్గర ఇరుక్కున్నాయి, అక్కడ ఊరే మునిగింది. ఎల్‌సీలో (డబ్బుకి బ్యాంకు ఇచ్చే హామీపత్రం) తేదీ పొడిగిస్తూ బయ్యర్ మెయిల్ పెట్టాలి. అది వచ్చిందో లేదో తెలీదు. సార్ నోట మాట లేదు. కరెంటు వచ్చాక సర్వర్ ఆన్ చేస్తే కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కొక్కటీ దిగడం మొదలైంది, అన్నీ వెనకటి తేదీలవి. ఎల్‌సీ మెయిల్ కూడా వాటిలోనే ఉంది. మన సర్వర్ దొరక్కపోతే అవతలి సర్వర్ వెంటనే వదిలేయదు, మామూలుగా నాలుగైదు రోజుల దాకా మళ్లీమళ్లీ ప్రయత్నిస్తూనే ఉంటుంది. సార్ ఆ మెయిల్ ప్రింట్ తీయించి కళ్లకద్దుకున్నారు.

ఇది రాస్తుంటే అనిపిస్తోంది, ఆయన ఆ సర్వర్‌ని వదలనంటే మొండితనమనుకున్నాను గానీ అది వట్టి మొండితనం కాదు. ఆ రాత్రి ఆయన చేతుల్లో మోసిన పెట్టె అది. నిజానికి లెక్కలు రాసుకునే ట్యాలీ, శ్లాబుల ఫొటోలు ఆఫీసులో ఉండటమే మంచిది, నెట్ పోయినా పని ఆగదు. మెయిల్ ఒక్కటే క్లౌడ్‌కి పోవాలి. అప్పుడు తుపానొచ్చినా ఫోన్‌లో సిగ్నల్ ఉంటే చాలు, బయ్యర్ మెయిల్ చూసుకోవచ్చు. అన్నీ క్లౌడ్‌కే అని నేను పట్టిన పట్టు కూడా ఇక వదిలేయాలి.

అన్నట్టు ఫ్యాక్టరీలో కంప్యూటర్లని కలిపే నెట్‌వర్క్ స్విచ్ మార్చాం. పాతదాని ఫ్యాన్ నిండా రాతిపొడి గట్టిగా పేరుకుపోయింది. నెట్‌వర్క్ కేబుళ్లు క్యాట్ 5ఈ రకం కాబట్టి గిగాబిట్ వేగానికి సరిపోతాయి, అవి మార్చక్కర్లేదు. కోత షెడ్డు దూరం ఆ కేబుళ్ల హద్దయిన వంద మీటర్లు దాటుతుంది, దానికి మాత్రం ఫైబర్ వేయించాలి. రాగి తీగ కాదు కాబట్టి పిడుగుల భయం కూడా తగ్గుతుంది. శ్లాబు ఫొటో టక్కున తెరుచుకునేసరికి సూపర్‌వైజర్ అన్న మొహం వెలిగిపోయింది. బాగుంది.

ఇక వరస మారుస్తున్నాను. ముందు డొమైన్ కంపెనీ పేరున రావాలి. జీఎస్టీ సర్టిఫికెట్ జతచేసి, లెటర్‌హెడ్ మీద సార్ సంతకంతో ఆ అబ్బాయికి ఉత్తరం, దాని కాపీ రిజిస్ట్రార్‌కి, అంటే డొమైన్ రిజిస్టర్ చేసే కంపెనీకి. ఆ తర్వాత టీటీఎల్‌ని, అంటే పాత సెట్టింగుని మిగతా సర్వర్లు గుర్తుపెట్టుకునే సమయాన్ని, 300 సెకన్లకి తగ్గించి, శనివారం రాత్రి మెయిల్ మార్పు. ఫైబర్ పని అదే వారం పెట్టుకోకూడదు. రెండూ కలిపి చేస్తే, ఏదైనా ఆగినప్పుడు దేనివల్ల ఆగిందో వెతకలేక చావాలి. పొద్దున సార్ కాఫీ తాగేలోపే వెళ్లి చెప్పాలి, ఆ కొటేషన్ మీద ఇప్పుడే సంతకం పెట్టొద్దని.