ఎకానమీ బేసిక్స్: మండీ చీటీలతో నేను నేర్చుకున్న డిమాండ్

గ్రూప్-2కి చదివేవాళ్లలో చాలామంది ఎకానమీ అనగానే నేరుగా బడ్జెట్, సర్వే, పథకాల మీద పడతారు. మొదటిసారి నేనూ అదే చేశాను. డిమాండ్, సప్లయ్ ఇంటర్లో చదివేసినవే కదా అని మూడు పేజీల నోట్స్‌తో సరిపెట్టాను. మెయిన్స్‌కి ముందు రాసిన ఒక మాక్ టెస్టులో ఈ వాక్యం వచ్చింది: "వస్తువు ధర తగ్గితే డిమాండ్ రేఖ కుడివైపుకు జరుగుతుంది." సరైనదే అని పెట్టాను. తప్పు. వచ్చే మార్కు పోయింది, పైన మూడో వంతు నెగెటివ్ కూడా పడింది.

డిమాండ్ రేఖ అంటే ఏ ధరకు ఎంత కొంటారో చూపే గీత. ధర మారితే అదే రేఖ మీద కిందికో పైకో కదులుతాం. అది డిమాండ్ విస్తరణ, సంకోచం. ఆదాయం, అభిరుచి, ప్రత్యామ్నాయ వస్తువు ధర లాంటివి మారితే రేఖే పక్కకు జరుగుతుంది. ఇది ఎన్నిసార్లు చదివినా నిలవలేదు. చివరికి కార్తీక మాసంతో నిలిచింది. ఆ నెల చాలా ఇళ్లలో నీచు ముట్టరు, చికెన్ రేటు దిగుతుంది. కొనేవాళ్లు తగ్గారు కాబట్టి రేటు దిగింది. అంటే రేఖ ఎడమకు జరిగింది. అప్పటి నుంచి ఏ ప్రశ్న చూసినా ముందు మారిందేది, దాని వెంట మారిందేది అని చూసుకుంటున్నాను.

వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనే పరిమాణం ఎంత మారుతుందన్న లెక్క, మాత్రం ఇంట్లోనే దొరికింది. మాది మదనపల్లె పక్కన పల్లె, నాయన టమాటా వేస్తాడు. "కాయుంటే రేటుండదు, రేటుంటే కాయుండదు" అని ఆయన అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఒక సాయంత్రం ఆయన దాచిన మండీ చీటీలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక ఏడాది 100 బాక్సులు, బాక్సు 600 చొప్పున 60,000. మరుసటి ఏడాది మా తోటే కాదు, చుట్టుపక్కల అన్ని తోటలూ విరగకాశాయి. 130 బాక్సులు, 300 చొప్పున 39,000. కమిషన్, కూలీ, బండి బాడుగ ఇంకా తీయలేదు. ధర 50 శాతం పడితే అమ్ముడైంది 30 శాతమే పెరిగింది. మార్కెట్ మొత్తానికీ ఇదే లెక్క అనుకుంటే వ్యాకోచత్వం 0.6. ఒకటి కంటే తక్కువ, అంటే అవ్యాకోచ డిమాండ్. పంట పెరిగి రాబడి తగ్గడమంటే ఏమిటో అప్పుడు అర్థమైంది, నాయన కష్టం కూడా. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో గ్రెగరీ కింగ్ ధాన్యం విషయంలో గమనించిందీ ఇలాంటిదే: పంట కాస్త తగ్గితే ధర అంతకు మించి పెరుగుతుంది. రేటున్న ఏడాది చూసి అందరూ నాటడం, తర్వాతి పంటకు రేటు కూలడం, మళ్లీ నాటేవాళ్లు తగ్గడం... దీనికి 1934లో ఆర్థికవేత్త కాల్డార్ పెట్టిన పేరే సాలెగూడు సిద్ధాంతం.

అర్థశాస్త్రం అంటే ఏమిటన్న నిర్వచనాలకు ఒక పూట చాలు. స్మిత్ 1776 సంపద, మార్షల్ 1890 శ్రేయస్సు, రాబిన్స్ 1932 కొరత. వీటిని బట్టీ పట్టేయండి.

బట్టీతో కుదరనివి వేరే ఉన్నాయి. ద్రవ్యలోటు ఒక ఏడాదికి సంబంధించిన ప్రవాహం, ప్రభుత్వ రుణం ఒక తేదీ నాటికి ఉన్న నిల్వ. ద్రవ్యోల్బణం 6 శాతం నుంచి 4కి దిగిందంటే ధరలు తగ్గాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని. బడ్జెట్ అంకెలన్నీ కంఠతా వచ్చినా ఈ రెండింటి దగ్గర తడబడితే స్టేట్‌మెంట్ ప్రశ్నలు చేజారతాయి.

రెండోసారి చివరి నెలంతా పాత ప్రశ్నపత్రాలతోనే గడిపాను. తప్పు స్టేట్‌మెంట్ కనబడితే ఏ మాట మారిస్తే సరైనదవుతుందో పెన్సిల్‌తో పక్కనే రాసేదాన్ని. ఆ పాత మాక్ టెస్టు కాగితం మీద "ధర తగ్గితే" కొట్టేసి "ఆదాయం పెరిగితే" అని రాశాను. కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట చేర్చాను: నాసిరకం వస్తువైతే (ఆదాయం పెరిగేకొద్దీ కొనడం తగ్గేదైతే) ఎడమకు.